మేస్త్రి భార్యకు జలుబు చేసిన రోజు

ఎన్నో ఊళ్ళు తిరిగి నానా భాషలూ విన్నాను గానీ, ముక్కుతో మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాలను మాత్రం ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలోనే చూశాను. ఆయన టైల్స్ మేస్త్రి, ఆమె సిమెంటు కలిపి అందించేది. పరిచిన ప్రతి టైలునూ మర్నాడు తట్టి చూడాలి. గుల్లగా మోగితే కింద సిమెంటు నిండలేదన్నమాట, పీకి మళ్ళీ వేయాలి. కోత మిషను రొదలో ఏళ్ళ తరబడి పనిచేసి మేస్త్రికి చెవులు మందగించాయి. సంగతి బయటపడితే పని పోతుందని ఇద్దరికీ బెంగ. అందుకే ఆయన తట్టేవాడు, ఆమె వినేది. గుల్లైతే ముక్కు రుద్దుకునేది.

ఒకరోజు ఆమెకు జలుబు చేసింది. పాపం, మేస్త్రి సగం గది పీకేశాడు.

అంతలో సూపర్‌వైజరు వచ్చాడు.

"బాబాయ్, రాయిలా ఉన్నవాటిని పీకుతున్నావేంటి?"

మేస్త్రి అలవాటుగా భార్య వైపు చూశాడు. ఆమె తుమ్మి ముక్కు రుద్దుకుంది. ఆయన ఇంకో టైలు కింద ఉలి దూర్చాడు.

సూపర్‌వైజరుకు నవ్వాగలేదు. "పిన్నీ, జలుబు తగ్గేదాకా ముక్కు జోలికెళ్ళకు. గుల్లైతే చెవి పట్టుకో. నాకెప్పుడో తెలుసులే! మీరిద్దరూ వేసిన గదిలో గుల్ల టైలు నేనింతవరకూ చూళ్ళేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ మాటలు సరిగా వినపడని మేస్త్రి, ఇదేం కొత్త గుర్తో తెలియక, ఉలి పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.