తీగ గుంజి చూసిన కమలక్క

కమలక్క పోయింది. జనగామలో పొద్దుటి చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది, ఆమె చెల్లెలి కొడుకు రవి ఫోన్ చేశాడు. "సార్, మానుకోటల పెద్దమ్మ పోయింది. గుండె ఆగిందన్నరు. దగ్గర మా సరోజ ఒక్కతే ఉండె." మొన్నమొన్ననే ఫోన్లో నాతో హోరాహోరీగా వాదించిన గొంతు ఇక లేదంటే మనసు ఒప్పుకోలేదు. ఆ దిగ్భ్రాంతి తీరకముందే రవి చివరి మాట నన్ను పట్టుకుంది. సరోజ రవి భార్య. పెళ్లయిన కొత్తలో ఆ అమ్మాయి మంత్రాలు చేస్తుందని తండాలో నింద వేశారు. ఆ నిందను తుడిచేసింది కమలక్కే. ఇప్పుడు ఆ కమలక్క సరోజ ఎదుటే కన్నుమూసింది. మళ్లీ నోళ్లు లేస్తే అడ్డం నిలబడేదెవరు? రైలు కేసముద్రం దాటుతున్నా నాలో దుఃఖానికి చోటు లేదు. భయమే నిండి ఉంది.

ఆమెను ఎరగని పాఠకుల కోసం కొంత చెప్పాలి. భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గరి ఒక లంబాడీ తండాలో పుట్టి, చదువుకొని, నర్మెట్ట ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించింది. మా హేతువాద మిత్రుల సమావేశాలకు వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. మేం గొంతులు చించుకొని అలసిపోయాక లేచి ఒకే ఒక్క ప్రశ్న వేసేది. ఉద్యోగ విరమణ తర్వాత మహబూబాబాద్‌లో, మా వాడుకలో మానుకోటలో, స్థిరపడింది. ఆమెకున్న విలాసం ఒక్కటే: మంచి స్టీరియో.

ఆ స్టీరియో తీగలను ఆమె ఎంచుకునే పద్ధతి చూస్తే ఆమె తర్కం అర్థమయ్యేది. దూరం ఎక్కువైతే తీగ లావు పెరగాలి, లోపల శుద్ధమైన రాగి ఉండాలి, రెండు స్పీకర్లకూ ఒకే కొలత తీగ వేయాలి. అంతకు మించి తీగలో మహిమ వెతకొద్దనేది. పోగులన్నీ కలిపి మెలితిప్పి, ఒక్క పోగు కూడా పక్క తీగను తాకకుండా రంధ్రంలో పెట్టి, మర బిగించేది. తర్వాత ప్రతి తీగనూ మెల్లగా లాగి చూసేది. "గట్టిగ ఉన్నదా అని అడుగుడు కాదు తమ్మీ, గుంజి చూడాలె," అనేది. సిద్ధాంతాలతోనూ ఆమె అట్లాగే ప్రవర్తించేది. నావి కూడా గుంజి చూసింది. కొన్ని ఊడి చేతికొచ్చాయి.

జనగామలో నాకు తెలిసిన వైద్యుడొకాయన నగరం నుంచి పాము లావు తీగ తెచ్చాడు. ధ్వని ఎటు ప్రవహించాలో దాని మీద గుర్తులున్నాయట. నెల రోజులు మోగిస్తే గాని దాని గుణం తెలియదట. గాయకుడి ఊపిరి కూడా వినిపిస్తోందని మురిసిపోయాడు. చదువుకున్నవాడి మూఢనమ్మకానికి ఇంగ్లీషు పేరుంటుంది, అట్టపెట్టె ఉంటుంది, అంతే తేడా! కమలక్క ఆయన్ను వెక్కిరించలేదు. మధ్యలో దుప్పటి కట్టించింది. వెనక నన్ను నిలబెట్టి, ఒకసారి ఆ తీగ, ఒకసారి కరెంటు సామాన్ల దుకాణంలో కొన్న మామూలు రాగి తీగ మార్చి మార్చి పెట్టించింది. ఏది ఏదో ఆయన పోల్చుకోలేకపోయాడు.

"ఇయ్యాల జలుబున్నది కమలమ్మా, చెవులు మూసుకపోయినయి," అన్నాడు వైద్యుడు.

"మంచిది సార్, తగ్గినంక మల్ల చూద్దాం. దుప్పటి నేనే తెస్త," అంది అక్క.

ఆయన మీద ఘాటైన వ్యాసం రాస్తానని బయటికి రాగానే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఇజ్జత్ తీస్తే మనిషి అబద్ధాన్నే ఇంకింత గట్టిగ పట్టుకుంటడు. ఆయనంతట ఆయనే ఇడువనియ్యి," అంది. ఆ మాట విలువ తండాకు వెళ్లిన రోజు తెలిసింది.

కమలక్క తల్లి, పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు లంబాడీ ఆడవాళ్లు ఏడుస్తూ పాడే పాట గొప్పగా పాడేది. ఆమె బతికుండగా అక్క ఆ పాట రికార్డు చేసి, ఒక సీడీ చెల్లెలు సక్రికి ఇచ్చింది. సక్రి కొడుకు రవి బొగ్గు గనిలో పనిచేస్తూ ఒక పాత యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు కొన్నాడు. అవ్వ గొంతు సరిగ్గా ఆ రెండు పెట్టెల నడుమ, గోడకు ఆనుకొని కూర్చున్నట్టు వినిపించేది. రవి పెళ్లికి ఇల్లు సున్నం వేశారు, సామాన్లు తీసి మళ్లీ పెట్టారు. సరోజ కాపురానికి వచ్చాక పాట పెడితే అవ్వ గొంతు నడుమ లేదు. పలచబడి, ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా చెదిరిపోయింది. అదే నెలలో సక్రికి జ్వరం, బర్రెకు రోగం. సోది చెప్పేవాడొకడు కొత్త కోడలి వైపు వేలు చూపించాడు. ఆ పిల్ల బోరింగు దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్లు బిందెలు ఎత్తుకొని పోసాగారు. ఆమెను కొట్టి వెళ్లగొట్టాలన్న మాటా పుట్టింది.

రవి కబురు పెట్టాడు. మిత్రులందరినీ వెంటబెట్టుకొని పోదామన్నాను, మైకు కట్టి మాట్లాడదామన్నాను.

"నువ్వు మైకు తెస్తవు, గా పిల్లకు దెబ్బలు తెస్తవు," అంది అక్క. "నువ్వు పొద్దుగూకంగనే జనగామ పోతవు. పిల్ల గక్కడనే ఉండాలె. ఠాణాకు పోవాల్సొస్తే నేనే పోత. ముందుగాల పాట విననియ్యి."

మేం తండాకు చేరేసరికి రవి ఇల్లంతా జనం. వాళ్లలో వాళ్లు లంబాడీలో మాట్లాడుకుంటున్నారు, నన్ను చూసి తెలుగులోకి మారారు. అక్క పాట పెట్టించి రెండు పెట్టెల నడుమ నిలబడింది. వెనక్కి పోయి చూసి, స్క్రూడ్రైవర్ తీసి, ఒక స్పీకరుకు తలకిందులుగా బిగించిన ప్లస్, మైనస్ తీగలను మార్చింది. రెండు స్పీకర్ల పొరలూ మళ్లీ ఒకేసారి ముందుకూ వెనక్కూ కదిలాయి. అవ్వ గొంతు వచ్చి నడుమ కూర్చుంది. సక్రి బావురుమంది. ఒక ముసలాయన చేతులు జోడించి, "కమల మంత్రపు కట్టు ఇడిపించింది!" అన్నాడు.

గెలిచామని నేను పొంగిపోయాను. అక్క ముఖం మాత్రం వాడిపోయింది. "ఖరాబైంది తమ్మీ," అంది మెల్లగా. "నేను కట్టు ఇడిపిస్తే, కట్టు కట్టినోళ్లు ఉన్నట్టే గదా."

వెంటనే తీగలు మళ్లీ తలకిందులు చేసింది. గొంతు చెదిరిపోయింది. జనం కేకలేశారు.

"బాగైనదాన్ని మల్ల ఎందుకు చెడగొట్టినవే అక్కా?" అని సక్రి మీదికొచ్చింది.

అక్క స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు మంత్రాలు జేస్తవా?"

"థూ! నేనెందుకు జేస్త?"

"అయితే గీ తీగ గటు, గా తీగ గిటు పెట్టు."

సక్రి పెట్టింది. గొంతు నడుమకొచ్చింది. తీసి మార్చింది, పోయింది. తర్వాత ముసలాయన వంతు. ఆపైన అక్క తన దుప్పటి కట్టింది. వెనక సక్రి తీగలు మారుస్తుంటే ఇవతల ముసలాయన వీపు తిప్పి కూర్చొని, గొంతు నడుమ ఉందో లేదో చెప్పాడు. ప్రతిసారీ సరిగ్గానే చెప్పాడు. అదే దుప్పటి వైద్యుడి ఇంట్లో లేని తేడాను లేదని తేల్చింది, తండాలో ఉన్న తేడాను ఉందని తేల్చింది. పరీక్ష ఎవరి పక్షమూ వహించదని నేను ఎన్నో ఉపన్యాసాల్లో చెప్పాను. కళ్లారా చూసింది అక్కడే.

"గంత పెద్ద దయ్యం గింత సందుల ఎట్ల వట్టిందే!" అన్నాడు ముసలాయన. ముందు ఆయనే నవ్వాడు.

తలుపు చాటున నిలబడ్డ సరోజ ముందుకు రాబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఇయ్యాల నువ్వు ముట్టకు బిడ్డా. నీ చెయ్యి లేకుండనే పోయింది, నీ చెయ్యి లేకుండనే వచ్చింది. అందరు చూడనియ్యి." తర్వాత అడిగింది, "సున్నమేసినంక గీ తీగలు పెట్టిందెవలు?"

"నేనే," అన్నాడు రవి, నేల చూస్తూ.

సక్రి వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "పెండ్లి యావల తీగలు గూడ కనవడలేదార నీకు!"

ఆ ఏడాదంతా అక్క తండాకు వెళ్తూనే ఉంది. ఒక్క పూటతో నమ్మకం పోదని ఆమెకు తెలుసు. సరోజ కూడా మానుకోటకు రాకపోకలు పెట్టుకుంది. ఈమధ్య అక్కకు ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని తెలిసి తోడుండడానికి వచ్చింది.

నేను మానుకోట చేరేసరికి తండా జనం ఇంకా రాలేదు. సరోజ ఒక మూల ముడుచుకొని ఉంది. "అత్త ఏమంటదో సార్," అంది. కాసేపటికి తండా వాళ్ల జీపు ఆగింది. సక్రి లోపలికి వచ్చి అక్క మీద పడి ఏడ్చింది. చాలాసేపటికి తల ఎత్తి కోడలి వైపు చూసింది.

"నొప్పి అన్నదా?"

"అన్నది అత్తా."

"మరి దవాఖానకు ఎందుకు తోల్కపోలేదే?"

"రమ్మంటే రాలే. జర ఆగు, తెల్లారినంక పోదం అన్నది."

"మా అక్క ఎవలి మాట విన్నది గనక!" అంది సక్రి. కోడలి భుజం మీద తల వాల్చి మళ్లీ ఏడ్చింది. ముసలాయన గోడకు జారగిలబడి, "గుండె బీమారి మా అన్నకు గూడ గిట్లనే వచ్చింది, మందులు వాడలే," అని ఎవరితోనో చెబుతున్నాడు.

అంతే. ఆ ఇంట్లో చావుకు కారణం అడిగారు, కారకురాలిని వెతకలేదు. పొద్దుటి నుంచి నన్ను పట్టుకున్న భయం వదిలింది. నా జీవితకాలపు వ్యాసాలు చేయలేని పని ఒక మనిషి చేసి వెళ్లింది. అట్లాంటి మనిషి మాకు మళ్లీ దొరకదు. ఆమె ఓర్పు మాలో ఎవరికీ లేదు, నాకైతే అసలే లేదు.

ఈ సంగతి అక్కతో చెప్పాలనిపించి ఆమె వైపు తిరిగాను. భయం ఉన్నంతసేపు రాని ఏడుపు అప్పుడొచ్చింది.