రేపు రమ్మనే అంబదాస్

అంబదాస్ తన చివరి సాయంత్రం ఒక హాస్టల్ అమ్మాయికి అబద్ధం చెప్పాడు. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వెళ్ళి నేనక్కడే ఉన్నాను. మైత్రీవనంలో కోచింగ్ ముగించుకుని వచ్చిన ఆ పిల్ల తన చుడీదార్ అడిగింది.

“అయిపోయింది బిడ్డా, గుండీలొక్కటే కుట్టాలె. రేపు రా.”

“దానికి గుండీలెక్కడివి అంకుల్?”

“గందుకే లేటైతుంది,” అన్నాడు మిషన్ మీంచి తలెత్తకుండా.

తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు. అరవై నాలుగేళ్ళు.

సిరిసిల్ల నుంచి వచ్చి మధురానగర్ సందులో ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టాడు. కుట్టు ఊడదు, మాట నిలవదు అని కాలనీలో ఆయనకు పేరు. ఒకసారి పెళ్ళికొడుకు సూటు పెళ్ళయిన మర్నాడు ఇచ్చి, “రిసెప్షన్‌ల మస్తుంటది అన్నా” అని పంపించిన ఘనుడు.

మా నాన్న హనుమత్ప్రసాద్ గారు ఒక నీలం గీతల చొక్కా గుడ్డ ఆయనకిచ్చి, వారం తిరక్కుండా పోయారు. గుడ్డ అక్కడే ఉండిపోయింది.

నాన్న పోయాక మా అమ్మ మాట్లాడడం మానేసింది. మా అమ్మ హైమవతి మాట్లాడలేదంటే అమీర్‌పేట చౌరస్తాలో హారన్ మోగలేదన్నంత వింత. రెండు నెలలు గడప దాటలేదు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు, అంతే. ఈవిడ కూడా నాన్న వెనకే వెళ్ళిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

పంజాగుట్టలో, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు కౌన్సెలింగ్ ఇస్తారంటే, బతిమాలి ఆటో ఎక్కించాను.

“ఎర్రగడ్డకా?” అంది.

“కాదమ్మా, ఇది పిచ్చికి కాదు. పంజాగుట్ట.”

కౌన్సెలర్ నవీన గారు ఎంతో నెమ్మదిగా, “మీ మనసులో ఏముందో చెప్పండమ్మా” అన్నారు. అమ్మ పావుగంట పైకి చూసి, “ఆ ఫ్యాను రెక్కలు తుడిపించండి” అంది. గంటసేపటి కౌన్సెలింగ్‌లో అమ్మ మాట్లాడింది అదొక్కటే. పంపేటప్పుడు నవీన గారు నన్ను పక్కకు పిలిచి, “ఏదో ఒక పని మీద రోజూ బయటికి వచ్చేలా చూడండి. ఏడవనివ్వండి, కోప్పడనివ్వండి, ఏదైనా సరే” అన్నారు.

ఏ పని చెప్పినా అమ్మ కదల్లేదు. నాన్న చొక్కా తెచ్చుకుందామని వెళ్ళినప్పుడు ఇదంతా అంబదాస్‌తో చెప్పుకున్నాను. సుద్దముక్క చెవిమీద పెట్టుకుని విన్నాడు.

“అంగీ నీకియ్య,” అన్నాడు చివరికి. “పెద్దసారు ఒక్కడొస్తే ఎన్నడన్న ఇచ్చిన్నా? కాలర్ అమ్మ చూడాలె. అమ్మనే పంపు.”

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ తలెత్తింది. “ఆయన చొక్కా అతని దగ్గరెందుకుంది ఇంకా?” రెండు నెలల్లో ఇంట్లో విన్న మొదటి పూర్తి వాక్యం. చెప్పులేసుకుని నాకంటే ముందు నడిచింది.

“రేపు రాండ్రి అమ్మా,” అన్నాడు అంబదాస్.

మర్నాడు దారం రంగు కలవలేదు. ఆ మర్నాడు కరెంటు లేదు, నెత్తిమీద ఫ్యాను మాత్రం తిరుగుతోంది. ఆ తర్వాత కత్తెర సాన పట్టేవాడు ఊరికి పోయాడు.

పదో రోజున అమ్మ సందంతా వినబడేలా అరిచింది. “ఏంటయ్యా నీ రేపులు! ఆయన వేసుకునేదెప్పుడు?”

తన మాట తనకే వినబడింది. అక్కడున్న స్టూలు మీద కూలబడి, నాన్న పోయాక మొదటిసారి ఏడ్చింది. అంబదాస్ ఓదార్చలేదు, మిషన్ ఆపలేదు. చాలాసేపటికి టేపు అందించి, “జర గీ కొస పట్టుకో అమ్మా” అని ఎవరిదో కర్టెన్ ఆమె చేత కొలిపించాడు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి, “పెద్దావిడని ఇలా తిప్పుతావా? సిగ్గులేదా?” అని నోటికొచ్చినట్టు తిట్టాను.

“ఫికర్ చెయ్యకన్నా, రేపు పక్కా.”

అలా ఐదు వారాలు. అమ్మ ఆ స్టూలు మీద కూర్చుని అందరి కాలర్లకూ వంకలు పెట్టడం మొదలెట్టింది. లోపల కాజాలు కుట్టే బుచ్చవ్వతో, అంటే అంబదాస్ భార్యతో, స్నేహం కలిసింది. ఒకరోజు గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి, ఇద్దరూ గంటసేపు మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నాక, చొక్కా మాటే ఎత్తకుండా లేచి వచ్చేస్తోంది.

“అమ్మా, అంగీ మరిచినవు,” అంటూ అంబదాస్ కవర్ అందించాడు.

అమ్మ కాలర్ తిప్పి చూసి, “పరవాలేదు” అంది. ఆ చొక్కా నాకు భుజాల దగ్గర వదులు. అయినా వేసుకుంటున్నాను.

ఇది జరిగిన ఏడాదికి అంబదాస్ పోయాడు. పదకొండో రోజున అమ్మా నేనూ వెళ్ళాం. బుచ్చవ్వ అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదట. అమ్మ ఆమె పక్కనే చతికిలబడి, దండ వేసిన ఫోటో వైపు చెయ్యి ఊపింది.

“ఒక్కనాడైనా మాటమీద నిలబడ్డాడా ఈ మహానుభావుడు? ఒక్క చొక్కాకి ఐదు వారాలు తిప్పాడు నన్ను!”

బుచ్చవ్వ కళ్ళు తుడుచుకుంది.

“ఊకె తిట్టకు అక్కా. నీ కొడుకు అడగనీకి వచ్చిన నాటికే గా అంగీ కుట్టి బీరువల ఉండె. ముడతలు పడుతున్నయని నాలుగుసార్లు ఇస్త్రీ చేసిన నేను.”