నా గంపకు ఎదురు చెయ్యి

ఆ రోజు కూర దాకను గుడ్డ లేకుండానే పొయ్యి మీంచి దించాను. మా కోడలు కేక పెట్టింది.

"అత్తా, సెయ్యి కాల్తన్నాదే! వదిలెయ్!"

వేళ్ళు బొబ్బలెక్కాయి. కూర ఒలకలేదు కదా అని నేను ముందు దాకే చూసుకున్నాను. నొప్పి ఏదీ అని తర్వాత భయం వేసింది. మోచేతి కింద, వీపు మీద మచ్చలు ఎప్పటి నుంచో ఉన్నాయి. తామరేలే అని సంతలో కొన్న మలాం రాసుకునేదాన్ని.

ఆస్పత్రిలో డాక్టరు నా కళ్ళు మూయించాడు. దూది తగిలిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నాడు. మచ్చల మీద దూది ఆడిస్తుంటే నేను ఊరికే కూర్చున్నానట. మోచెయ్యి వెనక నరం తడిమి, "నెర్వ్ లావెక్కింది. ఇది లెప్రసీ మామ్మా. ఎం.డి.టి. మాత్రలు ఉచితం, మానకుండా మింగు. మందు మొదలెడితే నీ నుంచి ఎవరికీ అంటదు" అన్నాడు.

ఊళ్ళో మాత్రం ఎలర్జీ అని చెప్పాను. మాత్రలకు ఒళ్ళు నల్లబడింది. అది మందు రంగేనని డాక్టరు ముందే చెప్పాడు గానీ, సముద్రం ఒడ్డున చూసేవాళ్ళకు ఎవరు చెబుతారు? జబ్బు పేరు బయటపడింది.

నేను చేపలమ్ముతాను. పడవలొచ్చాక వేలంపాటలో చేప కొని, గంపకెత్తి, ఆటోలో చీపురుపల్లి వైపు ఊళ్ళకు పోతాను. నిండు గంపను ఒక్క మనిషి నెత్తికెత్తుకోవడం కుదరదు. మా చేపలమ్మేవాళ్ళలో పట్టమని అడిగే అలవాటు లేదు. గంప దగ్గర వంగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఎదురు చెయ్యి వేసి ఎత్తుతారు. పేరు బయటపడ్డాక ఒక పొద్దు నేను వంగాను, ఎవరూ రాలేదు. నా ఆడపడుచు నూకాలు పక్కనే ఉండి కొంగు సర్దుకుంటోంది. సగం చేప దించేసి, అరగంపే ఎత్తుకున్నాను. అప్పటి నుంచి రోజూ అరగంపే.

మాత్రలు మింగుతుండగానే మధ్యలో రియాక్షన్ అనే వాపు వచ్చింది. చెయ్యి వాచి, నరం పీకి, చిటికెన వేలు వంగింది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇచ్చారు. "జబ్బు పెరగలేదు మామ్మా, ఎం.డి.టి. ఆపకు" అన్నాడు డాక్టరు. ఆపలేదు.

అప్పుడే శ్రీకాకుళం నుంచి ఒకమ్మాయి వచ్చింది. జబ్బు చేసినవాళ్ళను జనం ఎంత దూరం పెడుతున్నారో కొలిచే పనిట.

"కొలుస్తావా? తక్కెడ తెచ్చినావేటి?" అన్నాను.

నవ్వింది. "అడగడమే మా తక్కెడ మామ్మా. ఎంత ఉందో తెలిస్తేనే తగ్గిందో లేదో తెలుస్తుంది."

కలిసి తింటున్నారా, పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారా, మీరే వెళ్ళడం మానేశారా అని అడిగింది. నేను అరగంప సంగతి చెప్పాను.

"ఎదురు పట్టమని ఎవరినైనా అడిగారా?"

"మాలో అడగరమ్మా."

"అడిగితే ఏమంటారో మనకి తెలీదు కదా."

ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు గంప నిండా కానాగంత చేపలు నింపి, నలుగురిలో పిలిచాను.

"నూకాలొదినా, రా, పట్టు."

ఒడ్డంతా ఇటు తిరిగింది.

"అందరూ సూస్తన్నారే," అంది.

"సూడనీ. నాకొచ్చింది లెప్రసీ. మాత్రలు మింగుతన్నాను, నా నుంచి ఎవలికీ అంటదు. డాక్టరు నా సెయ్యి పట్టుకునే సూసినాడు. నువ్వు రాకపోతే ఈ సేపంతా కుళ్ళబెట్టి నీ వాకిట్లో పోస్తాను."

"నీ నోటికి రాలేదే జబ్బు!" అని తిట్టుకుంటూనే వచ్చింది. చెయ్యి వేసింది. నిండు గంప నా నెత్తి మీదికొచ్చింది. అంత బరువు మోస్తూ అంత తేలిగ్గా నేనెప్పుడూ నడవలేదు.

అందరూ ఒక్కసారి మారలేదు. ఒకామె ఇప్పటికీ నా పక్కన కూర్చోదు. అది ఆవిడ ఖర్మ. నా కోర్సు పూర్తయింది, మచ్చలు మాసిపోతున్నాయి. చిటికెన వేలు వంకరగానే ఉంది, దాన్ని కొంగు కింద దాచను.

మీకు చెప్పేవి రెండే. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మలాములకు డబ్బు తగలెయ్యకుండా ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్ళండి. వచ్చాక జబ్బు పేరు మీ నోటితో మీరే చెప్పండి, పక్కవాళ్ళకు వదలకండి.