చెవి కొలిచిన మా సార్

సోమవారం పొద్దున కాజీపేట నుంచి సార్ కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పోయిండు అక్కా. చాయ్ తాగుకుంటనే ఒరిగిండు" అన్నాడు. కాలేజీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సార్ ఆయన. ఏడుపొచ్చింది. కాసేపటికి కాకరకాయ గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

వస్తువును తాకకుండా దాని ఆకారం కొలవడం సార్ మాకు కాకరకాయతోనే నేర్పారు. ల్యాబులో పరదాలు దించి, ప్రొజెక్టర్‌తో కాయ మీద నలుపు తెలుపు చారలు వేశారు. తిన్నని చారలు కాయ గరుకు మీద మెలికలు తిరిగాయి. పక్కనున్న కెమెరా వాటిని ఫొటో తీస్తే, కంప్యూటర్ ఎత్తుపల్లాలు లెక్కగట్టి తెర మీద కాయను నిలబెట్టింది. "గీత సక్కగున్న కాడ ఏం లేదు. వంకర వోయిన కాడ చూడుండ్రి" అనేవారు. పాఠం అయ్యాక కాయను కూరకని ఇంటికి పట్టుకుపోయారు.

ఆ ఏడాదే, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళ్తే ఆయనకు ఒక దర్జీ అక్క కనిపించింది. పరకాల నుంచి వచ్చి హన్మకొండలో మిషన్ పెట్టుకున్న మనిషి. చిన్నప్పుడు కుక్క కరిచి ఎడమ చెవి పోయింది. కళ్లజోడు జారిపోతుంటే దారంతో తలకు కట్టుకుని కుట్టేది.

"అద్దాలు ఆగుతలెవ్వు సారూ. ఇగ మిషన్ అమ్మేద్దామనుకుంటున్న" అందట.

మర్నాడే సార్ ఆమెను ల్యాబుకు తీసుకొచ్చారు. కుడి చెవిని కొలిచి, అద్దంలోలా తిప్పితే ఎడమ చెవి ఆకారం వస్తుందని చెప్పారు.

చారలు పడినంతసేపు కదలొద్దన్నాను. అక్కకు నవ్వాగలేదు. తెర మీద చెవి జంతికలా వచ్చింది. నేను విసుక్కున్నాను.

"నవ్వనియ్యి బిడ్డా" అన్నారు సార్. "చెవి ముచ్చటల ఆమె నవ్వుడు ఇదే మొదలేమో."

ఐదోసారికి కుదిరింది. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ల్యాబులో ఎవరు నవ్వినా ఏమీ అనను.

ఆ కొలతతో అచ్చు చేసి, మెత్తటి సిలికాన్ పోశాం. నా లెక్క తప్పి మొదటి చెవి పెద్దదైంది. సార్ దాన్ని తన చెవి పక్కన పెట్టి చూసుకుని, "ఇది నాకు సరిపోయింది. ఆమెకు ఇంకోటి చేద్దాం" అన్నారు.

రెండోదాన్ని ఒక మధ్యాహ్నం దుకాణానికి తీసుకెళ్లాం. అక్క చెవి అతికించుకుని, కళ్లజోడు పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపింది. జోడు జారలేదు. ఆమె సార్‌నే చూస్తూ నిలబడి, చివరికి, "మీ అంగి గుండీ ఊడుతాంది సారూ. ఇటియ్యుండ్రి" అంది.

సార్ అంగీ విప్పి ఇచ్చారు. ఆమె కుడుతున్నంతసేపూ ఉత్త బనియన్‌తో బయట బల్ల మీద కూర్చుని, రోడ్డున పోయే తన విద్యార్థులందరికీ దర్జాగా చెయ్యి ఊపారు.