ఆవ ఘాటు

ఆ చర్చి హాల్లో ముప్పై ఏళ్లుగా ఎవరు పోయినా, సమాధి అయ్యాక వచ్చినవాళ్లకిచ్చే సాయంత్రం టీకి శాండ్‌విచ్‌లు డోరీనే చేస్తుంది. కీరదోస చక్రాలకు ఉప్పు రాసి, గుడ్డలో ఒత్తి, రొట్టె నానకుండా అంచు దాకా వెన్న పూసి, వేలెడంత ముక్కలుగా కోస్తుంది. ఈ రోజు పోయినవాడు ఆమె భర్త క్లిఫర్డ్. నల్లగౌను మీదే ఏప్రన్ కట్టుకుంది. "ఇవాళ కూడా నీకెందుకే ఈ చాకిరీ? కూర్చోవే తల్లీ," అంది స్నేహితురాలు బెరిల్. "కూర్చుంటే ఏడుస్తానే. ఇంతమందిలో నా వల్ల కాదు," అంది డోరీన్, కత్తి ఆపకుండా. పందిమాంసం హామ్ పెట్టే ముక్కల దగ్గరకొచ్చేసరికి అలసిన చేతులు క్లిఫర్డ్‌కి రోజూ పూసినట్టే ఆవముద్ద దట్టంగా పూసేశాయి.

మొదటి ముక్కకే పాస్టరుగారికి పొలమారింది. బల్ల చుట్టూ అందరూ రుమాళ్లు తీసి కళ్లు తుడుచుకున్నారు. "మా తమ్ముడు రోజూ ఇదే తిన్నాడా? డెబ్బై తొమ్మిదేళ్లు బతకడమే గొప్ప!" అన్నాడు క్లిఫర్డ్ అన్న పెర్సీ. అందరూ నవ్వారు. డోరీన్ కుర్చీలో కూలబడి ఒక ముక్క కొరికింది. ఆమె కళ్లూ ధారగా కారాయి. ఓదార్చడానికి ఎవరూ లేవలేదు. ఆమె ఇంకో ముక్క అందుకుంది.