పదకొండు సమాధుల మలుపు

మా కొండకింద రోడ్డు గురించి యాత్రికులకు పంచే కాగితం ఒకటి ఉంది. పూర్వం ఇక్కడి ఆదివాసులు చెరోకీలు నడిచిన బాట అదేనని, తర్వాత తోళ్ల వర్తకుల గుర్రాలు, ఆ తర్వాత పీచ్ పళ్ల లారీలు తిరిగాయని అందులో రాశారు. మా ఊరి దగ్గర టేబుల్ రాక్ కొండ బాగా కనబడాలనే ఇంజనీర్లు రోడ్డును అందంగా వంచారని కూడా రాశారు. మొదటి సంగతులు నిజమే అయి ఉండాలి. వంపు సంగతి మాత్రం నాకు తెలుసు. అది వంచింది మా వదిన ఐడెల్. రాళ్లు మోసింది నేను.

మా అన్న లూథర్ నలభై పీచ్ మొక్కలు నాటి, అవి కాపుకు రాకముందే మూడో చలికాలంలో న్యుమోనియాతో పోయాడు. ఆ వసంతంలోనే రోడ్డు సర్వేవాళ్లు వచ్చి సరిగ్గా ఆ చెట్ల మధ్యనుంచి ఎర్రగుడ్డ కట్టిన మేకులు దిగ్గొట్టుకుంటూ పోయారు. వదిన వాళ్లతో పోట్లాడలేదు. సర్వే ఇంజనీరును పిలిచి, అప్పుడే కాల్చిన మెత్తటి బిస్కట్లు, హామ్ అనే ఉప్పు పంది మాంసం పెట్టి, రోడ్డు పక్కకు తిరగాలంటే ఏం కావాలని అడిగింది. ఆయన నోటినిండా పెట్టుకుని, సమాధులుంటే తప్ప తిరగదని చెప్పాడు. వదిన ఆయనకు ఇంకో బిస్కట్టు వేసింది.

మరుసటి ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా మేమిద్దరం వాగులోంచి రాళ్లు తెచ్చాం. మా వైపు పేదవాళ్ల సమాధులకు పేర్లుండవు. తలవైపు ఒక బండరాయి, కాళ్లవైపు ఒకటి నిలబెడితే అయిపోయినట్టే. నేను మొదటి వరసను మేకుల వైపు తిప్పి పాతాను.

"తూర్పుకు తిప్పు డాయిల్. తిరిగి లేచే రోజున తూర్పునుంచి వచ్చే ప్రభువుకు వీళ్లు వీపు చూపించాలా?" అంది వదిన.

"ఎవరు వదినా లేచేది?"

"తిప్పమన్నానా? ఒకటి పసిపిల్లది కూడా పెట్టు. లేకపోతే ఎవరూ నమ్మరు."

ఆ చిన్న రెండు రాళ్లూ పాతేటప్పుడు నాకు మనసు బాగాలేదు. ఆమెకూ బాగాలేదనుకుంటాను, పిల్లలు లేని మనిషి.

ఇంజనీరు వచ్చి, టోపీ తీసి, పదకొండు సమాధులు లెక్కపెట్టుకుని, మేకులు పీకించాడు. రోడ్డు తోటను చుట్టుకుని పోయింది. మరుసటి ఏడు చెట్లు కాశాయి. మొదటి బుట్ట పళ్లు వదిన చర్చి వెనకున్న అన్న సమాధి మీద పెట్టి వచ్చింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మాకు మే నెలలో సమాధుల ఆదివారం ఉంది. ఆ రోజు గడ్డి చెక్కి, పువ్వులు పెట్టి, పాటలు పాడి, అక్కడే దుప్పట్లు పరచి భోజనాలు చేస్తాం. రోడ్డు పక్కన పదకొండు సమాధులు పెట్టుకుని వాటిని బాగుచేయకపోతే జనం ఏమనుకుంటారు? వదిన బాగుచేసింది. ఆమెను చూసి చర్చివాళ్లు వచ్చారు, వేయించిన కోడి వచ్చింది, పాస్టర్ హెంబ్రీ గారు వచ్చి ప్రసంగం చేశారు. నాలుగేళ్లలో ఆ సమాధులకు బంధువులు కూడా వచ్చారు. ఓలా అనే పక్కింటావిడ మూడో రాయి కింద తన ముత్తవ్వ ఉందని తేల్చుకుని ఏటా అక్కడ కూర్చుని ఏడ్చేది. పీచ్ చెట్లు పదిహేనేళ్లకు ముసలివై పోయాయి. సమాధులు మాత్రం ఏటేటా బాగుపడ్డాయి.

నలభై ఏళ్లు గడిచాయి. అప్పుడు రోడ్ల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మలుపు ప్రమాదంగా ఉంది కాబట్టి నేరుగా చేస్తామని, పాత సమాధులను మర్యాదగా తవ్వి, ఎముకలను వేరేచోటికి మారుస్తామని. వదిన దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుని, నేరుగా, అప్పటికి ముసలాయనైన పాస్టర్ హెంబ్రీ గారి దగ్గరికి పోయి అంతా ఒప్పేసుకుంది.

"ఐడెల్ గారూ, తవ్వితే మట్టే వస్తుందన్న మాట. మరి ఓలా ఇన్నేళ్లూ ఎవరి కోసం ఏడ్చినట్టు?" అన్నారట ఆయన.

తన పరువు పోతే పోయిందనుకుంది గానీ, ఆ ప్రశ్నకు మాత్రం వదినకు నిద్ర పట్టలేదు. శాఖ మనిషిని పిలిచి మళ్లీ బిస్కట్లు పెట్టింది. పేరులేని పాత సమాధులకు ఒక్క నోటీసు చాలని, ఈమధ్య పోయినవాళ్లదైతే దగ్గరి బంధువు సంతకం లేనిదే తాము ముట్టుకోబోమని ఆయన చెప్పాడు.

అప్పటికే డాక్టరు ఆమె గుండెకు ఆరు నెలలే గడువిచ్చాడు. వదిన నన్ను పిలిచింది.

"నన్ను తోటలోనే, ఆ రాళ్ల పక్కన పెట్టు. వాళ్లు కాగితం తెస్తే సంతకం పెట్టకు."

చర్చి వెనక అన్న రాయి మీద ఆయన పేరు పక్కనే ఆమె పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత చెక్కించి నలభై ఏళ్లయింది. గీత తర్వాత చావు సంవత్సరానికి చోటు ఖాళీగా ఉంచారు. ఆ పక్కనే పడుకుంటానని ఆమె అన్నకు మాటిచ్చిందని నాకు తెలుసు.

"మరి లూథర్?" అన్నాను.

"ఆయన చెట్ల దగ్గరే కదా ఉంటాను," అంది. చెట్లు పోయి పాతికేళ్లయిందని నేను అనలేదు.

మార్చిలో పోయింది. తూర్పుకే పెట్టాను. శాఖవాళ్లు కాగితం తెచ్చారు, నేను సంతకం పెట్టలేదు, మలుపు మలుపుగానే ఉండిపోయింది. చర్చి రాయి మీద సంవత్సరం చెక్కమంటారా అని రాళ్లవాడు అడిగితే వద్దన్నాను. అక్కడ ఆమె లేదు.

మే నెలలో అందరూ వచ్చారు. ఓలా తన ముత్తవ్వకు పువ్వులు పెట్టి, మిగిలినవి వదినకు పెట్టి, నాకో పళ్లెంలో కేకు ముక్క తెచ్చి పక్కన కూర్చుంది.

"లూథర్‌కు దూరమైందని బాధపడకు డాయిల్. ఒంటరిగా లేదుగా, చుట్టూ మనవాళ్లే," అంది.

నేను కేకు ముక్క అందుకున్నాను. అవునన్నాను.