మూడో నెల పడేదాకా

మెక్సికో బయలుదేరేటప్పుడు మేం ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాకు రెండో నెల. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. మూడో నెల పడేదాకా బయట చెబితే దిష్టి తగులుతుందని మా వైపు అంటారు. ఆ ఆనవాయితీ మాకు కలిసొచ్చిందనే అప్పుడు అనుకున్నాం. చెబితే పీర్జాదిగూడలో ఉండే మా అత్తమ్మ నన్ను ఉప్పల్లో మెట్రో కూడా ఎక్కనిచ్చేది కాదు. నాచారంలో డాక్టరమ్మ మాత్రం పర్లేదు, వెళ్లి రమ్మంది.

ప్యాకేజీ టూరు కాదు మాది. వీపున సంచులు, సెకండ్ క్లాసు బస్సులు, హాస్టల్ మంచాలు, దొరికిన మ్యూజియమల్లా చూడటం. హాస్టళ్లలో పొద్దున ఉచితంగా పెట్టే టిఫిన్‌లో రోజూ బొప్పాయి ముక్కలుండేవి. కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడని పండు. ప్లేటు మా ఆయన వైపు నెడితే రెండూ లాగించేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. ఊరు మారినా అదే పండు ఎదురవుతుంటే నాకు లోపల గుబులు పట్టుకుంది.

కొండల నడుమ పాత గనుల ఊరొకటి. అక్కడి బజార్లో మా ఆయన వేలెడంత ఉన్ని టోపీ కొన్నాడు. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టుందని ఆటపట్టించాను. సంచిలో అడుగున దాచుకున్నాడు.

ఆ ఊరి మ్యూజియంలో ఎండిపోయిన శవాలను అద్దాల వెనక పెట్టారు. గేటు దగ్గర ఆయన ఆగాడు.

"కడుపుతోని పీనుగులను సూడొద్దంటరు. నువ్వు బయట కూసో."

నాకు ఒళ్లు మండింది. ఇంటి దగ్గరే వదిలి వచ్చామనుకున్న చాదస్తం విమానమెక్కి వెంట వచ్చిందా అని, ఆయనకంటే ముందు లోపలికి నడిచాను. బొప్పాయికి భయపడేదాన్ని, శవాలకు భయపడనని బింకం. పెద్దవాళ్లను చూసినంతసేపూ బాగానే ఉన్నాను. చివరి గదిలో పసివాళ్లున్నారు. ఒక బిడ్డ తలకు అల్లిన టోపీ ఉంది. పొట్ట మీద చున్నీ కప్పుకుని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం అత్తమ్మ వీడియో కాల్ చేసింది.

"ఏంది బిడ్డా, ముఖం గట్ల గుంజుకపోయింది? ఏమన్న సంగతుందా?"

మాట నోటిదాకా వచ్చింది. మూడో నెలకు ఇంకెన్నో రోజులు లేవు కదా అని ఓర్చుకుని, ఎండ ఎక్కువుందని చెప్పాను.

మర్నాడు బస్సులో నడుము నొప్పి మొదలైంది. తర్వాత రక్తం కనబడింది. దిగిన ఊళ్లో మందుల షాపు పక్కనున్న డాక్టరు చూసి, స్కానింగ్ ఉన్న క్లినిక్‌కు పంపాడు. అక్కడి డాక్టరమ్మకు ఇంగ్లిష్ రాదు. నా పొట్ట మీద మిషను అటూ ఇటూ జరుపుతూ తెర వైపు చాలాసేపు చూసింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆమె నోటివంకే చూస్తున్నాడు. చివరికి ఆమె మెల్లగా "నాద" అంది.

ఆయనకు ఆ మాట తెలుసు. కొట్లలో, బస్సుల్లో మేం థాంక్స్ చెప్పినప్పుడల్లా వాళ్లు "దె నాద" అనేవాళ్లు. ఏం లేదు, పర్లేదు అని. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఫికర్ జేయకు," అన్నాడు నా తల నిమురుతూ. "ఏం లేదంట."

నేను తెర వైపు చూశాను. నిజమే, అందులో ఏమీ లేదు. ఆ మాటకు అర్థం ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.